పురిటి గదిలో హెపటైటిస్-బి టీకా ఎందుకు ఉండదు? – ఏపీ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుకునే జబ్బంటే మన దగ్గర ముందు హెచ్‌ఐవీయే గుర్తొస్తుంది. దానికి పరీక్షలు, తల్లికి వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులు, బిడ్డకు నెవిరపిన్ సిరప్ అంటూ ఒక దారి పడింది, సంతోషం. లివర్‌ను దెబ్బతీసే వైరస్ జబ్బు హెపటైటిస్-బి గురించి మాత్రం ఎవరికీ పట్టదు. పుట్టేటప్పుడు సోకితే పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిదిమందికి అది ఒంట్లోనే ఉండిపోతుంది. పిల్లాడు ఆడుకుంటాడు, బడికెళ్తాడు, ఏ తేడా కనిపించదు, ఎప్పుడో పెళ్లీ పిల్లలూ అయ్యాక లివర్ పాడైందనో, క్యాన్సరనో తేలుతుంది.

పుట్టిన 24 గంటల్లోపు తొడకు ఒక్క టీకా వేస్తే చాలావరకు ఆపొచ్చు. 2011 నుంచి దేశమంతా ఉచితమే. ఆరో వారం వేసే, అయిదు జబ్బులకు కలిపిన పెంటావాలెంట్ టీకాలో ఎలాగూ ఉంటుందిగా అనేవాళ్లున్నారు, అప్పటికి వైరస్ లివర్‌లో కాపురం పెట్టేసి ఉంటుంది.

మా చెల్లెలికి శనివారం రాత్రి కాన్పయింది. ఆదివారం అడిగితే "టీకాల సిస్టర్ సోమవారం వస్తారండీ" అన్నారు. సోమవారం మధ్యాహ్నం బీసీజీ, పోలియో చుక్కలతో కలిపి దీన్నీ వేసి కార్డులో తేదీ రాశారు, టైమ్ లేదు. చెల్లెలికి పరీక్ష నెగెటివ్ కాబట్టి మాకు టెన్షన్ తప్పింది. పరీక్షే చేయించుకోని తల్లుల సంగతేంటి?

ఒక్క బిడ్డ కోసం పది డోసుల సీసా తెరిస్తే మిగతాది వృథా అని సిబ్బంది భయం. బీసీజీ అయితే నాలుగు గంటల్లో పారేయాలి, నిజమే. కానీ ఇది అలా కాదు, తెరిచిన తేదీ రాసి ఫ్రిజ్‌లో సరిగ్గా ఉంచితే 28 రోజుల దాకా వాడొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఈ మాట లేబర్ రూమ్ దాకా చేరలేదా?

కాబట్టి కాన్పులు జరిగే ప్రతిచోటా, ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లతో సహా, డ్యూటీలో ఉన్న నర్సే ఆదివారమైనా పండగైనా వేసేలా ఆర్డర్ ఇవ్వండి, కార్డులో గంట కూడా రాయించండి. అల్లూరి జిల్లా కొండల్లో గర్భిణిని డోలీలో దించుతుండగా దారిలోనే కాన్పయితే, ఆ బిడ్డ దగ్గరికి టీకా ఎవరు తీసుకెళ్లాలో ముందే తేల్చండి. తల్లి పాజిటివ్ అయితే బిడ్డకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల) ఇంజెక్షన్ కూడా కావాలి, బయట కొంటే వేలల్లో ఖర్చు. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమంలో ఉన్నదే అది. కనీసం ఏరియా ఆసుపత్రుల్లోనైనా స్టాక్ పెట్టించండి, అర్ధరాత్రి ఆ తండ్రి చీటీ పట్టుకుని మెడికల్ షాపుల చుట్టూ తిరిగే పని లేకుండా.