పతకాల పళ్లెం పట్టడమేనా మహిళా వాలంటీర్ల పని?

సంపాదకుడికి,

జీతం లేని పని మీద క్రీడారంగం ఎంతగా ఆధారపడి ఉందో పోటీల ఫలితాలు మాత్రమే చదివేవారికి తెలిసే అవకాశం తక్కువ. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సుమారు 70 వేల మంది, 2024 పారిస్ క్రీడల్లో సుమారు 45 వేల మంది వాలంటీర్లు పనిచేశారు. 2004లో లండన్‌లోని ఒక పార్కులో మొదలై ఎన్నో దేశాలకు విస్తరించిన పార్క్‌రన్ అనే ఉచిత సామూహిక పరుగు ప్రతి వారం నడిచేది వాలంటీర్ల వల్లనే. ఈ సేవలో మహిళలకు చోటు లేదని ఎవరూ అనరు. ఎలాంటి చోటు అన్నదే ప్రశ్న.

పిల్లల పోటీల్లో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పేర్లు సరిచూసేదీ, పిన్నీసులతో చెస్ట్ నంబర్లు పెట్టేదీ, దెబ్బ తగిలిన పాపకు కట్టు కట్టి తల్లికి ఫోను చేసేదీ ఎక్కువగా మహిళలే. విజిల్, స్టాప్‌వాచీ, మైకు మాత్రం సాధారణంగా పురుషుల చేతుల్లోనే ఉంటాయి. బహుమతి ప్రదానంలో పళ్లెం పట్టుకుని నిలబడేది ఆమె, అందులోంచి పతకం తీసి మెడలో వేసేది ఆయన. నేను టైమ్‌కీపర్‌గా ఉన్నప్పుడు, నమోదైన సమయంపై అనుమానం వచ్చిన ఒక తండ్రి నన్ను దాటుకుని వెళ్లి, నీళ్ల సీసాలు సర్దుతున్న కుర్రవాణ్ణి అడిగారు. పాపం, ఆ కుర్రవాడు తిరిగి నా వైపే చూపించాడు.

వాలంటీరుగా వెళ్లడం వల్ల స్నేహాలు, ధైర్యం, ఇంటి పనికి ఆవల తనదైన గుర్తింపు దక్కాయని చెప్పే మహిళలు చాలామందే ఉన్నారు, అది నిజం కూడా. అయితే ఏళ్ల తరబడి స్కోరు రాసిన మహిళను రిఫరీ శిక్షణకు పంపాలన్న ఆలోచన నిర్వాహకులకు అరుదుగానే వస్తుంది. ఒకవేళ వచ్చినా, ఆ తరగతులు ఆదివారమంతా సాగితే పసిపిల్లల తల్లి ఎలా వెళ్లగలదు?

నిర్ణయాలు తీసుకునే స్థానాల సంగతీ ఇంతే. 1894లో ఏర్పడిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో మహిళలకు తొలిసారి సభ్యత్వం దక్కింది 1981లో, అధ్యక్ష పదవి 2025లో. సమావేశాల్లో మహిళలు ఎక్కువసేపు మాట్లాడతారని వ్యాఖ్యానించిన టోక్యో ఒలింపిక్స్ నిర్వాహక కమిటీ అధ్యక్షుడు యోషిరో మోరి 2021 ఫిబ్రవరిలో విమర్శల నడుమ రాజీనామా చేశారు. ఆ వ్యాఖ్యల తర్వాత వందలాది మంది వాలంటీర్లు విధుల నుంచి తప్పుకున్నారు. ఆ కమిటీ బోర్డులోకి మరో 12 మంది మహిళలను తీసుకున్నది ఇంత జరిగాకే. అంటే అర్హులైన మహిళలు లేక కాదు, అంతవరకు పిలిచినవారు లేక.

ఈ పరిస్థితిని మార్చడానికి చిన్న క్రీడా సంఘాలకు పెద్ద ఖర్చేమీ లేదు. పనుల కేటాయింపును ముందుగానే రాతపూర్వకంగా ప్రకటించి, ఒకే పని ఒకరికే స్థిరపడకుండా మార్చవచ్చు. స్కోరింగ్ అనుభవాన్ని రిఫరీ శిక్షణ ఎంపికలో లెక్కలోకి తీసుకోవచ్చు. చీకటి పడ్డాక ముగిసే పోటీలకు మహిళా వాలంటీర్లు ఇల్లు చేరే ఏర్పాటు చూడవచ్చు. వేధింపుల ఫిర్యాదును మాత్రం కార్యవర్గంతో సంబంధం లేని వ్యక్తే స్వీకరించాలి, ఎందుకంటే ఫిర్యాదు చాలాసార్లు ఆ కార్యవర్గంలోని వారిమీదే ఉంటుంది.

మీ పత్రిక క్రీడా విభాగం ఇకపై పోటీల వార్తలు రాసేటప్పుడు, ఎవరికి ఏ బాధ్యత అప్పగించారో కూడా నిర్వాహకులను అడిగి ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మహిళా వాలంటీరు