మార్కుల కాగితం గోడకు అంటించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది మండపేట దగ్గర పల్లెటూరు. మా మనవరాలు నాలుగేళ్ళుగా ఆర్టిస్టిక్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. మంచు మీద చేసే ఫిగర్ స్కేటింగునే చక్రాల మీద చేయడమన్నమాట. ఇక్కడ రింకు లేదు. ధాన్యం ఆరబోసుకునే సిమెంటు కళ్ళమే దానికి రింకు. కోతల రోజుల్లో కళ్ళం దొరకదు. దొరికిన రోజున ముందు నేను చీపురు పట్టుకుని దిగుతాను. ఒక్క వడ్లగింజ చక్రం కింద పడిందంటే పిల్ల బోర్లా పడుతుంది. అలా పడుతూ లేస్తూ ఈ ఏడు సింగిల్ యాక్సెల్ పట్టింది. ముందుకు చూస్తూ ఎగిరి, గాలిలో ఒకటిన్నర చుట్టు తిరిగి, వెనక్కి దిగే గెంతు అది.

కిందటి నెల పోటీలో ఆ గెంతు చేసింది, పడకుండా దిగింది. సాయంత్రం మైకులో మూడు పేర్లు చదివారు. అందులో దాని పేరు లేదు. ఏడవలేదు. తిరుగు బస్సు రామచంద్రపురం దాటాక మాత్రం, "తాతయ్యా, నా యాక్సెల్ పూర్తిగా తిరిగినట్టా, తిరగనట్టా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అంతకు ముందే నిర్వాహకులను మార్కులు చూపించమని అడిగితే, "జడ్జీల నిర్ణయమే ఫైనలండీ" అన్నారు.

వాళ్ళను అని ఏం లాభం? ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి నేనూ ఎన్నో పోటీలకు జడ్జీగా కూర్చున్నాను. ముగ్గురం తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుని, పేర్లు రాసిచ్చి, మార్కుల కాగితం చించేసేవాళ్ళం. అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

ఫిగర్ స్కేటింగ్ కూడా ఈ తప్పు చేసి, దెబ్బతిని, నిబంధనలు మార్చుకున్న ఆటే. ఒకప్పుడు ఒంటికాలి మీద జారుతూ మంచు మీద ఎనిమిది అంకె లాంటి గీతలు గీసి, మళ్ళీ ఆ గీత మీదుగానే పోవాలి. సంక్రాంతి ముగ్గు కలిసిందో లేదో వంగి చూసినట్టు జడ్జీలు మంచు మీదికి వంగి చూసేవారు. చాలాకాలం 60 శాతం మార్కులు వీటికే. 1972 సపోరో ఒలింపిక్స్‌లో ఆస్ట్రియాకు చెందిన బియాట్రిక్స్ షూబా, గెంతులూ తిరుగుళ్ళతో చేసే ఫ్రీ స్కేటింగ్‌లో ఏడో స్థానంలో ఉండి కూడా ఈ గీతల బలంతో స్వర్ణం గెలిచింది. టీవీ ముందు కూర్చున్న జనానికి గీతలు కనబడవు కదా, ఎందుకు గెలిచిందో అంతు పట్టలేదు. మరుసటి ఏడాదే షార్ట్ ప్రోగ్రాం, అంటే ఫలానా గెంతులు, తిరుగుళ్ళు తప్పక చేయాల్సిన చిన్న ప్రదర్శన తెచ్చి గీతల వాటా తగ్గించారు. 1990 తర్వాత ప్రపంచ పోటీల్లోంచి వాటిని తీసేశారు.

ఆరుకు ఇన్ని అని మార్కులు వేసే పద్ధతి మాత్రం ఇంకా కొనసాగింది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదే అందులో తేలేది. ఏ గెంతుకు ఎంత వచ్చిందో ఉండేది కాదు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల స్వర్ణం రష్యాకు ఇచ్చాక, ఫ్రాన్స్ జడ్జీ మీద ఒత్తిడి పనిచేసిందని ఆరోపణలు రావడంతో పెద్ద రభస అయింది. చివరికి కెనడా జంటకూ స్వర్ణం ఇవ్వాల్సి వచ్చింది.

2004లో పద్ధతే మార్చేశారు. ఇప్పుడు ప్రతి గెంతుకూ ముందే కట్టిన విలువ ఉంటుంది. గాలిలో మూడున్నర చుట్లు తిరిగే ట్రిపుల్ యాక్సెల్‌కు 8 మార్కులు. చేసిన తీరును బట్టి జడ్జీలు దానికి కలుపుతారు, తీసేస్తారు. చుట్టు పావు తగ్గిందా, అర తగ్గిందా అన్నది నిపుణులు వీడియో వెనక్కి తిప్పి చూసి గుర్తు పెడతారు. పోటీ అయ్యాక ఆ కాగితం ఎవరైనా చూడొచ్చు. మా పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు సరిగ్గా అందులో ఉంటుంది.

అక్కడా ఒక పొరపాటు చేశారు. జడ్జీల మీద ఒత్తిడి రాకూడదని ఏ అంకె ఎవరిదో తెలియకుండా కలిపేశారు. 2014 సోచి ఒలింపిక్స్‌లో మహిళల ఫలితం మీద గొడవ వచ్చినప్పుడు ఎవరు ఎంత వేశారో చెప్పే దారే లేకపోయింది. 2016లో ఆ ముసుగు తీసేశారు. అంకె పక్కన పేరు ఉంటేనే జడ్జీ జాగ్రత్తగా రాస్తాడు. అనుభవంతో చెబుతున్న మాట ఇది.

మన దగ్గర అంత యంత్రాంగం లేదు, ఒప్పుకుంటాను. వీడియోలు అక్కర్లేదు. ఒక్కో అంశానికి ఒక్కో గడి గీసిన కాగితం, ఒక్కో జడ్జీకి ఒక్కో వరస, కింద సంతకం చాలు. బహుమతులు ఇచ్చే ముందు దాన్ని గోడకు అంటించాలి. తన దగ్గర నేర్చుకునే పిల్లలు బరిలో ఉంటే ఆ జడ్జీ కుర్చీ వదలాలి. స్కేటింగుకే కాదు, బడుల్లో జరిగే కూచిపూడి, యోగా పోటీలకూ జిల్లా క్రీడాధికారులు, విద్యాధికారులు ఈ రెండూ తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

మా చుట్టుపక్కల ఎవరు పోటీ పెట్టినా ఆ కాగితాలు గీసి, జిరాక్సు తీయించి నేనే తెచ్చిస్తాను. మార్కులు కూడే పనికి కూర్చోమన్నా కూర్చుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
మండపేట మండలం