ఐసా బదిలీని సులభం చేయాలి

సంపాదకుడికి నమస్కారం.

బ్రిటన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారిలో చాలామందికి ఐసా అనే పన్నులేని పొదుపు ఖాతా ఉంటుంది. జీతంలో మిగిలింది అందులో వేసి, ఏళ్ల తరబడి దాని వంక చూడనివారు నాకు ఎందరో తెలుసు. ఆశపెట్టిన బోనస్ వడ్డీ సాధారణంగా ఏడాదితో ఆగిపోతుంది, డబ్బు మాత్రం అక్కడే ఉండిపోతుంది. 30,000 పౌండ్ల మీద 1 శాతం వడ్డీ అంటే ఏడాదికి 300 పౌండ్లు, 4 శాతమైతే 1,200. ఆ 900 పౌండ్లు ఎందుకు వదులుకోవాలి?

ఖాతాదారు అడిగితే, ఆ సొమ్మును వేరే సంస్థలోని ఐసాకు నేరుగా పంపే బదిలీకి పాత సంస్థ ఒప్పుకోవలసిందే. కొత్త సంస్థ మాత్రం ఆ సొమ్ము తీసుకుని తీరాలన్న నియమం లేదు. మంచి రేటు పెద్ద అక్షరాల్లో చూపించి, బదిలీలు స్వీకరించబోమని కింద ఎక్కడో చెప్పే ఖాతాలు ఉన్నాయి. అలాంటిచోట జనం సొమ్ము బయటికి తీసి కొత్త ఖాతాలో వేస్తారు. నష్టమంతా అక్కడే జరుగుతుంది. బయటికి తీసిన సొమ్ముకు పన్ను రక్షణ పోతుంది. మళ్లీ వేయాలంటే ఆ ఏటి 20,000 పౌండ్ల పరిమితికి లోబడే వేయాలి. ఫ్లెక్సిబుల్ రకం ఖాతాల్లో కొంత వెసులుబాటు ఉన్నా, అన్ని సంస్థలూ దాన్ని ఇవ్వవు. కాబట్టి దయచేసి ఎవరూ సొమ్ము తీయవద్దు, కొత్త సంస్థ ఇచ్చే బదిలీ ఫారమే నింపండి. గడువున్న ఖాతా అయితే వడ్డీలో కోత ఎంత పడుతుందో ముందే అడగండి.

2027 ఏప్రిల్ 6 నుంచి 65 ఏళ్ల లోపువారు నగదు ఐసాలో, అంటే షేర్లలో పెట్టకుండా వడ్డీకి ఉంచే రకంలో, ఏడాదికి 12,000 పౌండ్లకు మించి వేయలేరు. కొత్తగా వేసే దారి ఇరుకైనప్పుడు, ఇప్పటికే ఉన్నదాన్ని మంచి రేటుకు మార్చుకునే దారి విశాలంగా ఉండాలి కదా! మామూలు కరెంట్ ఖాతాను 7 పనిదినాల్లో మార్చే ఏర్పాటు 2013 నుంచే ఉంది. నగదు ఐసా బదిలీకి 15 పనిదినాల గడువు దేనికి?

హైదరాబాద్‌కో విశాఖకో తిరిగి వచ్చేసిన వారికీ ఇది పనికొచ్చే విషయమే. బ్రిటన్ విడిచిన పన్ను సంవత్సరం ముగిశాక కొత్త సొమ్ము వేయలేరు గానీ, ఉన్న ఐసాను వేరే సంస్థకు మార్చమని అడగవచ్చు. అయితే పన్ను చట్టం లెక్కలో భారత్‌లో సాధారణ నివాసి అయ్యాక ఆ వడ్డీకి ఇక్కడ పన్ను మినహాయింపు లేదు, రిటర్నులో చూపించాలి.

ఐసా ఇచ్చే ప్రతి సంస్థా బదిలీలు స్వీకరించేలా, గడువు 7 పనిదినాలకు తగ్గేలా బ్రిటన్ ఆర్థిక శాఖ నియమాలు మార్చాలి. అక్కడి తెలుగు సంఘాలు తమ ఎంపీలకు ఈ మాట రాయాలని కోరుతున్నాను. ఏప్రిల్ 5న పన్ను సంవత్సరం ముగుస్తుంది. ఉగాది వేడుకలూ ఆ రోజుల్లోనే వస్తాయి కాబట్టి, ఆ వేదిక మీద ఒక అరగంట బదిలీ ఫారం ఎలా నింపాలో చూపించినా ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుంది.

— ఒక పాఠకుడు, లండన్