అటక మీది బొమ్మలకు చెయ్యి వేసినవారందరికీ కృతజ్ఞతలు

వారపత్రికల్లో సీరియళ్లకు బొమ్మలు, పేజీ చివర్లో కార్టూన్లు వేసిన ఒక ఆర్టిస్టు గారి ఒరిజినల్స్ అటక మీద అట్టపెట్టెల్లో ఉన్నాయి, ఏం చెయ్యాలో చెప్పండి అని అడిగాం. కొందరు ఫోన్లో చెప్పారు, కొందరు వచ్చి కూర్చుని చేసిపెట్టారు. పని ఒక కొలిక్కి వచ్చింది. ఇలాంటి పెట్టెలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి కాబట్టి, ఎవరి మాట ఎక్కడ పనికొచ్చిందో వివరంగా రాస్తున్నాం. కుటుంబం కోరిక మీద ఆర్టిస్టు గారి పేరు మాత్రం రాయడం లేదు.

ముందుగా పాత కాగితాలను బాగుచేసే మేడం గారికి. ఎండలో పెట్టొద్దు, తడిగుడ్డ తగలనివ్వొద్దు అని ఆవిడ మొదటే కట్టడి చేశారు. ఇండియన్ ఇంకులో లక్క ఉంటుంది, ఆరాక నీటికి కరగదు. కానీ తప్పుగీతల మీద పూసిన తెల్ల పోస్టర్ కలర్ కరుగుతుంది. తడి తగిలితే తెలుపు పోయి, ఆర్టిస్టు దాచిన గీత బయటపడుతుంది. ఒక బొమ్మకి దీపం పక్కవాటుగా పెట్టి చూపించారు: వీణ మీద ఉన్న చేతికి కాస్త పైన, తెలుపు కింద, మొదట గీసిన చెయ్యి ఉబ్బెత్తుగా కనబడింది. 1980ల తర్వాత స్కెచ్ పెన్నుతో వేసినవి ఇంకా సున్నితం. వెలుగుకి వెలిసిపోతాయి, తడికి పాకుతాయి. అందుకని అన్నీ పొడి కుంచెతోనే, మధ్య నుంచి అంచుకి దులిపారు.

పురుగు పట్టిన కట్టల్ని పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో వారం ఉంచారు. బయటికి తీశాక కవరు మరో రోజు విప్పకూడదు. వెంటనే విప్పితే గాలిలోని తేమ చల్లటి అట్ట మీద నీరై కూర్చుంటుంది. సెలోటేపు జోలికి మాత్రం పెద్దగా వెళ్లలేదు. ఎండి దానంతటదే లేచినచోట తీశారు, పట్టు ఉన్నచోట వదిలేశారు, ఎందుకంటే లాగితే కాగితం పొరతో పాటు ఇంకూ లేచొస్తుంది. లామినేషన్ చేయిద్దామన్నవారికి ఆవిడ ఇచ్చిన జవాబు ఇక్కడ రాయలేం! ఒకసారి వేడితో అతికిన ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, అంతే.

తర్వాత బ్లాక్ మేకింగ్‌లో, అంటే బొమ్మని అచ్చుకోసం జింకు రేకు మీదికి ఎక్కించే పనిలో, చేసి రిటైరైన పెద్దాయనకి. ఆయన లేకపోతే అంచుల్లోని నీలం పెన్సిల్ రాతలు మాకు పిచ్చిగీతలే. బ్లాకు కోసం బొమ్మని ఫోటో తీసే ప్రాసెస్ కెమెరా ఫిల్ముకి లేత నీలం తెలుపులాగే కనబడుతుంది, అందుకే కొలతలన్నీ ఆ రంగులో రాసేవారట. రెండు బాణాల మధ్య అంకె అచ్చులో రావలసిన వెడల్పు. ఈ బొమ్మలు ఎక్కువ భాగం అచ్చు సైజుకి ఒకటిన్నర రెట్లు వేసినవి. నీడల గీతలు అంత ఎడంగా ఎందుకున్నాయో కూడా ఆయనే చెప్పారు: సైజు తగ్గితే గీతల మధ్య సందూ తగ్గుతుంది, న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పాకి ఆ సందు పూడిపోయి నల్లమచ్చ అవుతుంది. మరీ సన్నగీత వేస్తే జింకు బ్లాకులో యాసిడ్ పక్కల నుంచి తినేసి గీతే తెగుతుంది. ఒరిజినల్‌లో కాస్త మోటుగా ఉన్న గీత పత్రికలో అంత నాజూగ్గా కనబడటం వెనక ఈ లెక్క ఉంది. బ్లాకు ఎలా వస్తుందో తెలిసి గీసిన చెయ్యి అది.

స్కానింగ్ చేసిన కుర్రాళ్లకి ప్రత్యేకంగా. నలుపు తెలుపు బొమ్మలే కదా అని నలుపు, తెలుపు రెండే పట్టే టెక్స్ట్ మోడ్‌లో పెట్టలేదు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) రంగుల్లో తీసి, టిఫ్ ఫైళ్లుగా దాచారు. దానివల్ల రెండు పనులు జరిగాయి. రంగుల స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు విడివిడిగా, ఛానల్స్‌గా ఉంటాయి. రెడ్ ఛానల్‌లో చూస్తే వెలిసిన నీలం రాతలు ముదురుగా తేలి చదవడానికి వచ్చాయి. బ్లూ ఛానల్‌లో అవే మాయమవుతాయి, కానీ పసుపెక్కిన కాగితం నల్లబడుతుంది. అందుకే అచ్చుకిచ్చే కాపీలో ఒక్కో బొమ్మకి విడిగా చూసుకుని ఛానల్స్‌ని కలపాల్సి వచ్చింది, ఓపిగ్గా చేశారు. ఒరిజినల్ పోయి పత్రిక పేజీ మాత్రమే మిగిలినచోట హాఫ్‌టోన్ చుక్కలు, అంటే అచ్చులో నీడల కోసం వేసే సన్నచుక్కలు, అలలు అలలుగా వచ్చాయి. పెద్ద రిజల్యూషన్‌లో తీసి, కొద్దిగా బ్లర్ చేసి, ఆ తర్వాత సైజు తగ్గిస్తేనే అవి పోయాయి.

కాపీరైట్ సంగతి విడమరిచి చెప్పిన లాయరు గారికి నమస్కారాలు. 1957 చట్టం ప్రకారం ఆర్టిస్టు పోయిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు హక్కు ఉంటుంది. చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు కాబట్టి ఆయన హక్కున్న బొమ్మలకు 2052 ఆఖరు దాకా అన్నమాట. పత్రికలో జీతానికి పనిచేస్తూ వేసిన బొమ్మని, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో అచ్చువేసుకునే హక్కు యజమానిది. మిగతా హక్కులు, అంటే పుస్తకంగా తేవడం వంటివి, ఆర్టిస్టువే. బయటినుంచి డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ సంగతి వేరు, అక్కడ హక్కు వేయించుకున్నవారికి పోవచ్చు. అందుకే ముఖచిత్రాలను ప్రస్తుతానికి పక్కన పెట్టాం. హక్కు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే 5 ఏళ్లే చెల్లుతుందన్న ముక్క ఇప్పుడు బొమ్మలేస్తున్న పిల్లలందరూ గుర్తుపెట్టుకోవాలి. నోటిమాటతో హక్కు బదిలీ కాదు, సంతకమున్న కాగితం ఉండాలి.

అట్టలు, టిష్యూ కాగితం కొనిచ్చినవారికి, పెట్టెలు మోసినవారికి, వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత సంచికలు తిరగేసి తేదీలు పట్టిచ్చినవారికి కూడా ధన్యవాదాలు.

ఇంకా ఒక సాయం కావాలి. సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసే లెటర్‌ప్రెస్ రోజుల్లో కార్టూన్ వ్యాఖ్యని ప్రెస్సులో విడిగా కంపోజ్ చేసేవారు. ఆర్టిస్టు దాన్ని చీటీ మీద రాసి బొమ్మ వెనక అతికించేవారు. ఆ చీటీలు చాలావరకు రాలిపోయాయి. ఇద్దరు మనుషులు, ఒక గొడుగు, నవ్వెందుకో తెలియదు, అలా మిగిలాయి కొన్ని. ఆ బొమ్మలు ఇక్కడ పెడుతున్నాం. పాత సంచికల్లో ఎక్కడైనా కనబడితే పేజీ మొత్తం, తేదీ తెలిసేలా ఫోన్‌తో ఫోటో తీసి పంపండి. బైండు చేసిన సంపుటాలను స్కానర్ మీద బోర్లించి నొక్కకండి, కుట్టు తెగుతుంది.