పరిచర్య నిధి: ఈ ఏడాది జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులందరికీ ప్రభువు పేరట వందనాలు.

పేదలకు సాయం చేసే మన పరిచర్య నిధికి ఈ ఏడాది వచ్చిన డబ్బులో ముప్పాతిక వంతు ఆదివారం కానుకలదే. మిగతాది కృతజ్ఞత కానుకలు, పేరు రాయకుండా ఇచ్చిన కవర్లు. పెట్టె తెరిచిన ప్రతిసారీ ఇద్దరు కూర్చుని లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేశారు. యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను పౌలు కూడా ఒక్కడే తీసుకెళ్లలేదు. ఎవరూ తప్పు పట్టకూడదని, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ. 8).

ఖర్చులో సగానికి పైగా వైద్యానికే పోయింది: మందులు, పరీక్షలు, ఆసుపత్రికి రానుపోను బండి. ఆ తర్వాత పిల్లల ఫీజులు, అంత్యక్రియల సాయం. రశీదు పుస్తకాల ఖర్చు చాలా తక్కువ. పరిచర్యకు తిరిగిన వాళ్లు దారి ఖర్చులు సొంతంగానే పెట్టుకున్నారు.

సాయం అందుకున్న వారి పేర్లు ఎందుకు రాయలేదని కొందరు అడిగారు. ధర్మం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దని యేసు చెప్పాడు. మనం పేర్లు చదివితే తీసుకున్నవారు అందరి ముందూ తల దించుకోవాలి. ఓచర్లన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి. కమిటీలో లేని ఇద్దరు వాటిని ఒక్కొక్కటిగా సరిచూశారు.

మా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. ఏడాది మధ్యలో పెద్ద వయసు సహోదరి ఒకరు, "మందిరానికి రాగలిగినవాళ్లకే సాయం అందుతోంది. మంచం పట్టినవాళ్లం మీకు గుర్తు రావడం లేదు" అన్నారు. పుస్తకం తిరగేస్తే ఆమె మాట నిజమే. మొదటి ఆరు నెలల దరఖాస్తులు దాదాపు అన్నీ ఆరాధన తర్వాత చేతికి ఇచ్చినవే. చాలా బాధ కలిగింది. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకం సరిగా అందడం లేదని సణుగుడు వచ్చినప్పుడు, అపొస్తలులు దాన్ని కొట్టిపారేయలేదు. ఆ పని చూడడానికి ఏడుగురిని ఏర్పాటు చేయించారు (అపొ. కార్య. 6). మేమూ ఇళ్లకు వెళ్లి కనుక్కునే పని నలుగురికి అప్పగించాం. అప్పటినుంచి మందుల ఖర్చు పెరిగింది. నిధి చాలదేమోనని కొందరు టెన్షన్ పడ్డారు. కానీ పెరిగిన ఆ ఖర్చు, మనం అంతకుముందు గడప తొక్కని ఇళ్లది.

నిధిలో ఇంకా రెండు నెలల ఖర్చుకు సరిపడా మిగిలింది. దాన్ని మందిరం రంగులకు వాడదామని సూచన వచ్చింది. పేదలకని ఇచ్చిన కానుక కాబట్టి కమిటీ ఒప్పుకోలేదు, భవన నిధి ఖాతా వేరుగానే ఉంది. లెక్కల పుస్తకం వచ్చే నాలుగు ఆదివారాలు ఆరాధన తర్వాత బల్ల మీద ఉంటుంది. ఎవరైనా చూడవచ్చు, అడగవచ్చు.

పరిచర్య కమిటీ