జ్వరానికి విడాల్ ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వస్తే చాలు, రెండ్రోజుల జ్వరానికే విడాల్ పరీక్ష రాసి, పాజిటివ్ అనగానే టైఫాయిడ్ మందులు మొదలుపెడుతున్నారు. 1896 నాటి ఈ పరీక్ష చూసేది టైఫాయిడ్ బ్యాక్టీరియా మీద మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలను. అవి తయారవడానికే సుమారు వారం పడుతుంది. జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి రక్తంలో ఉండిపోతాయి. అలాంటప్పుడు ఒక్క రిపోర్టుతో ఏం తేలుతుంది? పసిపిల్లలకు అనవసరంగా యాంటీబయాటిక్స్ ఎక్కిస్తుంటే బాధేస్తోంది. అసలు జబ్బు డెంగీ అయితే విలువైన సమయం పోతుంది.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయాలి. అది ఖరీదైన పరీక్ష, ఫలితానికి రోజులు పడుతుంది. అందుకే ఏరియా ఆసుపత్రుల్లో ప్రభుత్వమే ఉచితంగా చేయించాలి. హైదరాబాద్‌లోనే తయారవుతున్న టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను పిల్లలందరికీ ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం