దొరా, మే 15 నీదేరా

ఒరేయ్ దొరా,

ఎలా ఉన్నావ్? చెల్లెమ్మ, పిల్లలు అంతా కులాసానా? ఫోన్‌లో చెబుదామంటే నువ్వు మీటింగ్ ఉంది మళ్ళీ చేస్తా అంటావ్, ఆ మళ్ళీ ఎప్పటికీ రాదు, అందుకే కూర్చుని రాస్తున్నా, ఖాళీ దొరికినప్పుడు నింపాదిగా చదువుకో. ఇవాళ మే 15. రాత్రి పదైంది, పగలంతా ఎండ చితక్కొట్టేసింది, ఇప్పుడిప్పుడే కొబ్బరాకులు కదులుతున్నాయి, అరుగు మీద మడతమంచం వేసుకుని మొదలెట్టా.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. పోయినేడు జులై 1న మన గ్రూపులో అందరూ హ్యాపీ బర్త్‌డే అని పెడితే నువ్వు కూడా ఒక్కొక్కళ్ళకీ దణ్ణం బొమ్మ పెట్టి థాంక్స్ చెప్పుకుంటూ పోయావ్ చూడు, అది నాకు అస్సలు నచ్చలేదు. జులై 1 నీ పుట్టినరోజు ఎప్పుడైందిరా? బళ్ళో వేసిన రోజు బాబాయిగారు లాకుల దగ్గర డ్యూటీలో ఉండిపోయి రాలేకపోతే, ఆ రిజిస్టర్ రాసినాయన మనలో సగం మందికి వేసినట్టే నీకూ జులై 1 వేసేశాడు, అదే టెన్త్ సర్టిఫికెట్లోకి, అక్కణ్ణించి ఆధార్‌లోకి, చివరికి ఫేస్‌బుక్‌లోకి కూడా పాకింది. ఆఫీసు కాయితాల్లో ఉంటే ఉండనీ, ఇప్పుడు మార్చడం అయ్యే పని కాదు. మనలో మనకి కూడా అదేనా?

నీ అసలు రోజు పిన్నిగారికి తెలిసినంత గట్టిగా ఇంకెవరికి తెలుసు? ఎన్నిసార్లు చెప్పారో, మొన్న సంక్రాంతికి కూడా చెప్పారు. కాలవకి నీళ్ళు కట్టేశారంట, లాకు తలుపులు బాగుచేస్తున్నారంట, ధవళేశ్వరంలో కొత్త బ్యారేజీ పనులు నడుస్తున్న రోజులు. బాబాయిగారు లస్కరు కదా, కాలవ లాకులు చూసుకునే పని, పొద్దున్నే కాటన్ దొర విగ్రహం కడిగి గన్నేరుపూల దండేసి, మిగిలిన కొబ్బరిచెక్క చేత్తో పట్టుకుని ఇంటికొచ్చేసరికి మంత్రసాని వేణ్ణీళ్ళు పెట్టమంటోందంట. ఎండెక్కకుండానే నువ్వు పుట్టేశావ్. దొర పుట్టినరోజున పుట్టాడని బాబాయిగారే నిన్ను దొరబాబూ అని పిలవడం మొదలెట్టారు. నీ పేరే ఆ తేదీ నించి వచ్చిందిరా, అది వదిలేసి జులై 1 అంటావేంటి.

అందుకని నెల రోజుల నించీ ఖాళీ దొరికినప్పుడల్లా ఈ మే 15 గురించే వెతుకుతున్నా, ఈ రోజు ఎవరెవరు పుట్టారు, ఏమేం జరిగాయి అని. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలైంది. అన్నీ రాయను, నాకు మనసుకి పట్టినవి రాస్తా.

మాధురీ దీక్షిత్ నీ రోజే, 1967, బొంబాయి. మన వీధిలో వీసీఆర్ అద్దెకి తెచ్చినప్పుడు ఆవిడ డాన్స్ చూడ్డానికి తాటాకు చాపల మీద తెల్లవార్లూ కూర్చున్నాం గుర్తుందా, చిన్నప్పుడే కథక్ నేర్చుకుందంట, అందుకే ఆ చేతులు అలా తిరిగేవి. మీ చిన్నోడికి ఇష్టమైన హీరో రామ్ పోతినేని కూడా ఈ రోజే, 1988. వాడికి చెప్పు, నాన్న, తన హీరో ఇద్దరూ ఒక్కరోజే పుట్టారని ఎగిరి గంతేస్తాడు.

1940లో ఇదే రోజున అమెరికాలో, కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో అనే ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు హోటల్ తెరిచారు, అదే మెక్‌డొనాల్డ్స్. అదే రోజు ఆ దేశమంతా నైలాన్ మేజోళ్ళు అమ్మకానికి పెట్టారంట. మేజోళ్ళతో మనకేం పని అనుకోకు, మన లంకల్లో ఇప్పుడు పడుతున్న వలలన్నీ ఆ నైలానే కదా, తాత ముత్తాతలు నూలు వల అల్లి, చీకిపోతే మళ్ళీ అల్లేవారు. 1928లో ఇదే రోజు మిక్కీ మౌస్ బొమ్మని మొట్టమొదట కొంతమందికి వేసి చూపిస్తే కొనేవాడే దొరకలేదంట. మళ్ళీ ఆ నవంబర్‌లో సౌండ్ పెట్టి ఇంకోటి వదిలితే అప్పుడు పట్టుకుంది. 1935లో మాస్కోలో మెట్రో రైలు మొదలైంది, 1988లో రష్యా సైన్యం అఫ్గానిస్తాన్ నించి వెనక్కి బయల్దేరింది, ఇలాంటివి చాలా ఉన్నాయిలే.

నన్ను పట్టేసింది మాత్రం కెప్లర్. గ్రహాలు సూర్యుడి చుట్టూ ఎంత దూరంలో తిరిగితే ఒక చుట్టుకి ఎంత కాలం పడుతుందో లెక్క కట్టినాయన. 1618 మార్చి 8న ఆ సూత్రం బుర్రకి తట్టిందంట, లెక్కేసి చూసుకుంటే ఎక్కడో పొరపాటు పడి కుదరలేదు, తప్పేమో అని పక్కన పెట్టేశాడు. అయినా మనసొప్పక మళ్ళీ పట్టుకుంటే మే 15న సరిగ్గా కూర్చుంది. ఈ రెండు తేదీలూ ఆయనే తన పుస్తకంలో రాసుకున్నాడు! నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక మనిషి తనకి ఏ రోజున ఏది తెలిసిందో తేదీ వేసి మరీ దాచుకున్నాడంటే, ఆ తేదీ అంటే ఆయనకెంత ప్రాణమో చూడు. నీ తేదీ నువ్వు పారేసుకుంటున్నావనే నా బాధ.

పియరీ క్యూరీ కూడా ఈ రోజే, 1859, పారిస్. భార్య మేరీతో కలిసి రేడియం కనిపెట్టినాయన. 1903లో ఆ దంపతులకీ బెకెరెల్ అనే ఆయనకీ కలిపి నోబెల్ ఇచ్చారు. మూడేళ్ళు తిరక్కుండా, 1906లో వాన పడుతుంటే వీధి దాటుతూ గుర్రబ్బండి కింద పడి పోయాడు పాపం.

మనవాళ్ళలో అయితే దేవేంద్రనాథ్ ఠాగూర్, 1817. రవీంద్రుడి తండ్రి. బ్రహ్మసమాజాన్ని నిలబెట్టినాయన. ఆ గాలి ఎక్కడో కలకత్తాలో వీచి మన రాజమండ్రి దాకా వచ్చిందిరా, కందుకూరి వీరేశలింగం గారు ఆ దారి పట్టినవారే కదా, 1881 డిసెంబర్‌లో ఊరంతా ఎదురు తిరిగినా మొదటి వితంతు వివాహం చేసి చూపించారు.

సుఖ్‌దేవ్ సంగతి రాయాలంటే చెయ్యి ఆడట్లేదు. 1907 మే 15, లూధియానా. భగత్ సింగ్, రాజ్‌గురులతో పాటు 1931 మార్చి 23న లాహోర్ జైల్లో ఉరి తీశారు. అంటే ఇంకో రెండు నెలలు ఆగితే ఇరవై నాలుగు నిండేవి. మీ పెద్దోడికి ఇప్పుడు ఇరవై మూడే కదరా. మొన్న వాడు బైక్ కొనుక్కుని ఫోటో పెట్టాడు, అది చూస్తూ ఈ లెక్క వేసుకున్నా, చాలాసేపు లేవలేకపోయాను.

ఇక మన దొర. ఆర్థర్ కాటన్, 1803 మే 15. పద్దెనిమిదేళ్ళ కుర్రాడిగా 1821లో మన దేశం వచ్చాడు. ముందు తంజావూరు వైపు కావేరి మీద పని చేశాడు, అక్కడ ఎప్పుడో చోళరాజుల కాలంలో కట్టిన కల్లణై ఆనకట్ట చూసి ఇసక మీద కూడా కట్టడం నిలబెట్టొచ్చని నేర్చుకున్నాడు, ఆ మాట దాచుకోకుండా చెప్పాడు కూడా, అందుకే నాకాయనంటే ఇంకా గౌరవం. మన వైపు అప్పటికి నందన కరువు వచ్చి వెళ్ళింది, 1832-33, పక్కనే గోదారి సముద్రంలోకి పోతుంటే జనం ఆకలికి చచ్చిపోయారు. ఆ తర్వాత 1847లో ధవళేశ్వరం దగ్గర గోదారి మీద దొర ఆనకట్ట పని మొదలైంది, అక్కడి కొండ రాయే తవ్వి తెచ్చి నాలుగు ముక్కలుగా కట్టారు, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, మధ్యలో లంకలు. మధ్యలో ఒంట్లో బాగోక దొర ఆస్ట్రేలియా వెళ్ళి మళ్ళీ వచ్చాడు. 1852కి పూర్తయింది. మన వీణెం వీరన్న గారు ఆయన వెంట ఉండి పని నడిపించారు, ఆయన్ని కూడా తలుచుకోవాలి. రాళ్ళు మోసిన వేలమంది కూలీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు, అది నాకు ఎప్పుడూ లోటుగానే ఉంటుంది. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో వచ్చింది, 175 గేట్లు, ఆ నీళ్ళ మీదే దగ్గర దగ్గర పది లక్షల ఎకరాలు పండుతోంది. రేవులో పంతుళ్ళు సంకల్పం చెప్పేటప్పుడు ఒక ఇంగ్లీషాయన్ని భగీరథుడని తలుచుకునే చోటు ఇంకెక్కడుంటుందిరా.

పొద్దున్న నేనే వెళ్ళా దొర దగ్గరికి. బాబాయిగారు పోయాక ఆ దండ వేసే పని నేను పెట్టుకున్నా, నీకెప్పుడూ చెప్పలేదు. గన్నేరుపూలే. తర్వాత కాలవలోకి దిగా. ఏప్రిల్‌లో కట్టేశారు కదా, అడుగంతా ఎండి పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది, ఆల్చిప్పలు కాలికి గుచ్చుకుంటున్నాయి, లాకు కింద ఒక్కచోటే మడుగు మిగిలింది, పిల్లలు బకెట్లు పట్టుకుని అందులో మట్టగిడసల కోసం తడుముతున్నారు. ఆ లాకు గోడ కింద వరసలు ఏడాదిలో పది నెలలు నీళ్ళలోనే ఉంటాయి, ఇప్పుడు తప్ప కనపడవు. అక్కడ రాయి అంచు మీద గాళ్ళు పడి ఉన్నాయిరా, వేలు పెడితే సగం వేలు దిగుతోంది. ఒకప్పుడు పడవల తాళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని పడ్డ గాళ్ళు అవి. నున్నగా, అద్దంలా. పడవలు పోయి ఎన్నేళ్ళయిందో, అవి మాత్రం అలాగే ఉన్నాయి. నా పుట్టినరోజుకి కాలవలో ఈత కొట్టడానికి కూడా నీళ్ళుండవురా అని ఏడ్చేవాడివి చూడు చిన్నప్పుడు, నీకు ఈ రాళ్ళు చూపించాలనిపించింది. నీళ్ళుంటే ఇవి కనపడేవే కాదు కదా.

అక్కణ్ణించి మీ ఇంటికెళ్ళా. పిన్నిగారు వసారాలో కూర్చుని ఆవకాయకి మెంతులు ఏరుతున్నారు. నన్ను చూడగానే లేచి స్టీలు గిన్నెలో పరవాన్నం తెచ్చారు, వేడివేడిగా, కొత్త బెల్లం వేసి. ఏంటి పిన్నిగారూ విశేషం అన్నాను, తెలిసి కూడా. వాడి పుట్టినరోజు కదా నాయనా, ప్రతేడూ వండుతాను, ఎవరో ఒకరికి పెడతాను అన్నారు. నువ్వు ఊరొదిలి ముప్ఫై ఏళ్ళయిందిరా. ముప్ఫై ఏళ్ళ నించీ వండుతున్నారు, నీకు తెలుసా? నేను తింటుంటే ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాడు పొద్దున్నే చేశాడా పిన్నిగారూ అంటే, ఆఫీసు పనుల్లో ఉండుంటాడులే, వాడికి అక్కడ అందరూ జులైలో చేస్తారుగా అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. నేను లేచొచ్చేదాకా ఆ ఫోన్ పక్కన పెట్టలేదు.

ఆత్రేయపురం నించి పూతరేకులు చెప్పాను, నెయ్యి బెల్లంవి ఇరవై, రేపు సాయంత్రం బస్సుకి వేస్తా, ఎల్లుండి పొద్దున్న తీసుకో, ఫ్రిజ్‌లో పెట్టకండి మెత్తబడిపోతాయి. ఈ ఉత్తరం కూడా అందులోనే పెడుతున్నా. నాకు తర్వాత చేద్దువుగాని, ముందు పిన్నిగారికి చెయ్. సాయంత్రం ఏడు దాటాక అయితే టీవీ కట్టేసి వసారాలోనే ఉంటారు.

నీ
లాకుల గట్టు మీదోడు